పీపాకి రెండు కన్నాలు

జూన్ 4

అన్నయ్యకి,

దస్తూరీ గుర్తుపట్టి, చదవకుండా చించెయ్యకు. మీ చెల్లెల్నే. మా ఆయన పోయినప్పుడు నేను రాయలేదు, ఎవరో చెప్పి తెలిసినా నువ్వు రాలేదు. ఆ తగువు తరవాత తేల్చుకుందాం. ఇప్పుడు చంటిగాడు జైల్లో ఉన్నాడు.

నీ మేనల్లుణ్ణి నువ్వు నిక్కర్లలో చూసి ఉంటావు. చదువు అబ్బలేదు. పోయిన చలికాలంలో గోదాములో గార్డు పని దొరికింది. మొదటిరోజు నడుముకి రివాల్వరు కట్టుకుని అద్దం ముందు నిలబడితే, "నిన్ను చూసి దొంగలు కాదురా, నేనే జడుసుకుంటున్నాను" అని నవ్వాను.

పోయిన శనివారం సాయంత్రం, పనివాళ్ళు ఇళ్ళకి బయల్దేరే వేళ, వెనక కంచె దూకి ఇద్దరు దొంగలు వచ్చారట. వీడూ, వీడితో ఉండే పెద్ద గార్డూ చెరొకసారి కాల్చారు. దొంగలకి ఏమీ కాలేదు. గోనెసంచులు కుట్టే ఆవిడ నీళ్ళ పీపా చాటున వంగి చేతులు కడుక్కుంటోంది. గుండు పీపాలోంచి దూసుకెళ్ళి, ఆవిడ గొంతులోంచి బయటపడి, కంచె అవతల నదిలో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఆవిడ అక్కడే ప్రాణం వదిలింది. చంటిగాడి చొక్కా గుండీలు ఊడితే గోనెసూదితోనే కుట్టి పెట్టేది ఆవిడ. "మీ అమ్మకి చూపించకు, నా కుట్టు చూసి కుళ్ళుకుంటుంది" అనేదట.

ఇద్దరి రివాల్వర్లూ ఒకే రకం. డ్యూటీ దిగగానే ముందు తూటాలు దించెయ్యాలి, ఆ తరవాతే ఎవరైనా నోరు విప్పాలి అని వాళ్ళకి నేర్పారట. ఆ అలవాటు కొద్దీ వాళ్ళ సూపర్‌వైజరు, మనిషి అక్కడ నెత్తుట్లో పడి ఉండగానే, ఇద్దరి చేతుల్లోంచీ రివాల్వర్లు లాక్కుని, తూటాలన్నీ ఒకే బిస్కెట్ల డబ్బాలో వంపేశాడు. పోలీసులు వచ్చేసరికి ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. పెద్ద గార్డు తాను ఆకాశంలోకి కాల్చానన్నాడు. సూపర్‌వైజరు అవునన్నాడు. మనవాడు "నేనే చంపాను" అన్నాడు. లాయరు ఏమడిగినా అదే మాట. నేనడిగితే ఆ మాట కూడా లేదు.

వాడికి తెలీదన్నయ్యా. వాడు ఆవిణ్ణి చంపాననుకుంటున్నాడు, అంతే. నువ్వు జన్మంతా పోలీసు లేబొరేటరీలో తుపాకీ గుళ్ళు చూస్తూ గడిపావు. ఆ గుండు ఎవరిదో చెప్పు.

నీ చెల్లి

జూన్ 11

చెల్లికి,

ఉత్తరం అందింది. చించలేదు. చదివాను. ఆ తరవాత, నా స్వభావం నీకు తెలుసు కదా, కోపమొచ్చింది.

నీ ఇంట్లో నా ఉద్యోగానికి ఒక పేరుండేది: శవాల కొలువు. ఒకసారి భోజనానికి పిలిచి, అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక మీ ఆయన, "బావగారూ, మీరు ఇంకోసారి చేతులు కడుక్కుంటే బాగుంటుందేమో" అన్నాడు. సంస్కారం గురించి సభల్లో ఉపన్యాసాలిచ్చే మనిషి. నువ్వు గరిటె పట్టుకుని నిలబడ్డావు. చేతులు కడుక్కోవడానికి లేచినవాణ్ణి లేచినట్టే వచ్చేశాను. ఇప్పుడు నీ కొడుకు కోసం ఆ చేతులే కావాల్సి వచ్చాయి. సరే. ఆయన వినడానికి లేడు కాబట్టి నాకు ఇందులో సగం సుఖమే.

నువ్వు గుండు అన్నావు, తూటా అన్నావు. రెండూ ఒకటి కావు. తూటా అంటే మొత్తం సరుకు: ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున చిన్న టోపీ, లోపల మందు, మూతికి బిగించిన గుండు. మీట నొక్కితే గుర్రం, అంటే రివాల్వరు వెనకుండే సుత్తి, వెళ్ళి టోపీని కొడితే నిప్పు పుడుతుంది, మందు అంటుకుంటుంది. అందరూ పేలిందంటారు. నిజానికి అది చాలా వేగంగా కాలడమే. ఆ కాలిన ఆవిరికి చోటు చాలక గుండుని ముందుకు నెట్టుకుంటూ బయటికి పోతుంది. రివాల్వరు మూతి గొట్టంలో మెలికలుగా గాళ్ళుంటాయి, అవి గుండుని బొంగరంలా తిప్పి వదులుతాయి. ఆ గాళ్ళ గీతలు గుండు ఒంటి మీద పడతాయి. గుండు దొరికితే ఆ గీతలు పోల్చి ఇది ఫలానా రివాల్వరుదని తీరిగ్గా కాఫీ తాగుతూ చెప్పేవాణ్ణి. దొరకలేదన్నావు. డబ్బాలో ఖాళీ గొట్టాలు దొరికే ఉంటాయి. ఏ గొట్టం ఏ రివాల్వరులో కాలిందో చెప్పొచ్చు. కానీ దాని మూతికి ఎలాంటి గుండు ఉండేదో ఖాళీ గొట్టం చెప్పదు.

తూటాల్లో జాతులున్నాయి. నాటకాల్లో వాడేదానికి గుండే ఉండదు, ఉత్త మందు, చప్పుడూ మంటా. అది కూడా దగ్గరనుంచి కాలిస్తే ప్రాణం తీస్తుంది, ఆ సంగతి నటులకి తెలీదు. జనాన్ని చెదరగొట్టడానికి రబ్బరువి కాలుస్తారు. రబ్బరు కదా అనుకునేవాళ్ళ కళ్ళు పోవడం నేను చూశాను. పొడుగు తుపాకీకి చిన్న చిన్న సీసపు గోళీలు నింపింది ఉంటుంది, అది పిచికారీలా చిమ్ముతుంది. ఉత్త సీసపు గుండు మెత్తన, తగిలిన చోట అణిగిపోతుంది. సీసానికి రాగి తొడుగు తొడిగినది వీటన్నిట్లోకీ మర్యాదస్తుడు. నున్నటి ముక్కు. వచ్చిన దారి చెదరకుండా, తన ఆకారం చెడకుండా, ఎదురున్నదాన్ని దాటుకుని వెళ్ళిపోతుంది. ఇక ఆఖరిది, ముక్కున గుంట ఉన్నది. అది రాక్షసి. ఒంట్లోకి దూరగానే ఆ గుంట విచ్చుకుని గొడుగులా తెరుచుకుంటుంది. తన వేగమంతా ఆ మనిషిలోనే దింపేస్తుంది. యుద్ధాల్లో సైనికులు ఒకరి మీద ఒకరు వాడకూడదని దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నది దాన్ని గురించే. మనిషి చేసినవాటిలో అంత క్రూరమైన వస్తువు ఇంకోటి నా బల్ల మీదకి రాలేదు. ఒకసారి అలాంటిదే విచ్చుకున్న గుండుని మా డైరెక్టరుకి చూపిస్తే, ఎంత బాగుందో అన్నాడు. ఆయనకి మైక్రోస్కోపులో తన కనురెప్పలు తప్ప ఇంకేదీ కనిపించేది కాదు, నేను రాసిన రిపోర్టుల కింద సంతకం పెట్టడానికి మాత్రం చూపు ఆనేది.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఎలాగైనా ఆ పీపాని చూడు. గుండు దూరిన కన్నం ఎలా ఉంది, బయటపడిన కన్నం ఎలా ఉంది, రెండూ విడివిడిగా రాయి. పీపాలో అప్పుడు నీళ్ళున్నాయో లేదో అడుగు. లాయరు ఇచ్చిన ఉపన్యాసం నాకొద్దు.

మీ అన్నయ్య

జూన్ 19

అన్నయ్యకి,

పోయిన మనిషిని ఇంకా వదలవా? ఆ రోజు నువ్వు వెళ్ళాక నేను ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. నీకు తెలీదు, తెలుసుకోవాలని కూడా నువ్వు అనుకోలేదు.

పీపా చూశాను. సూపర్‌వైజరు లోపలికి రానివ్వలేదు. "అమ్మా, కేసు నడుస్తోంది, నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు. "నీ ఉద్యోగం ఊడితే ఇంకోటి దొరుకుతుంది, నాకు ఇంకో కొడుకు దొరుకుతాడా" అంటే పక్కకి తప్పుకున్నాడు. నీలం ప్లాస్టిక్ పీపా, నా ఛాతీ దాకా ఉంది. ముందు వైపు చిన్న కన్నం, గుండ్రంగా. అవతలి వైపూ అంతే, చిటికెనవేలు పట్టేంత. చీలిక లేదు, పగులు లేదు. నీళ్ళు నిండా ఉన్నాయట. రెండు కన్నాల్లోంచీ ధారలు కారుతుంటే ఆవిడ అవతలి ధార కింద పడి ఉందట. ధారలు ఆగేదాకా అలాగే చూస్తూ నిలబడ్డారట అందరూ.

లాయరు ఒక్క సంగతి చెప్పాడు. బిస్కెట్ల డబ్బాలో రెండు రకాల తూటాలు ఉన్నాయట. కొన్నిటికి ముక్కు నున్నగా ఉంది, కొన్నిటికి గుంట ఉంది. పాత స్టాకు ఒకటీ, కొత్తగా కొన్నది ఒకటీట. ఎవరికి ఏది ఇచ్చారో గుర్తులేదంటున్నాడు సూపర్‌వైజరు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నువ్వు రాక్షసి అన్నది మా ఇంట్లోనే ఉందన్నయ్యా. చూశాను. నేను చెయ్యాల్సింది చేశాను. దాని గురించి నన్నేమీ అడక్కు, నువ్వూ ఎక్కడా అనకు.

వాడు ఏమీ తినడంలేదు. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. కిటికీ జాలీ అవతల కూర్చుని నా చెప్పుల వైపు చూస్తాడు.

నీ చెల్లి

జూన్ 26

చెల్లికి,

"మా ఇంట్లో రాక్షసి" అంటే నీ ఉద్దేశం నాకు అర్థమైంది. మన ఇంట్లోంచి నీ ఇంటికి వచ్చి, తిండి తినకుండా లేచిపోయి, నిన్ను మొగుడితో మాటల్లేకుండా చేసినవాణ్ణి నేనే కదా. అంటే అన్నావులే. ఈ వయసులో కొత్త బిరుదు వచ్చినా కాదనను. ఆ గొడవ అవతల పెట్టి, ఇది కూర్చుని చదువు. నిలబడి చదవకు.

మా లేబొరేటరీలో ఒక పొడవాటి నీళ్ళ తొట్టి ఉండేది. ఒక తుపాకీ గీతలు చూడాలంటే దాన్ని నీళ్ళలోకి కాల్చి, గుండుని చెడకుండా పైకి తీసేవాళ్ళం. నున్నటి ముక్కు గుండు నీళ్ళలో చాలాదూరం ఈదుకుంటూ వెళ్ళి, పెళ్ళికొడుకులా ముస్తాబు చెదరకుండా తేలేది. గుంట ముక్కుది అలా వెళ్ళలేదు. నీరు ఆ గుంటలో దూరి, లోపలినుంచి దాన్ని విప్పేస్తుంది. మూరెడు దూరంలోనే వేగమంతా పోయి, పువ్వులా విచ్చుకుని అడుక్కి దిగిపోయేది. మనిషి ఒంట్లోనైనా జరిగేది అదే, ఒళ్ళు కూడా నీళ్ళ తిత్తే కాబట్టి.

నిండు పీపా అంటే ఆ తొట్టిలాంటిదే. గుంట ముక్కు గుండు దాంట్లో దూరితే నీళ్ళలోనే విచ్చుకునేది. అవతలి గోడ దాకా వచ్చినా, దాన్ని చీల్చాలి, లేదా తగిలి లోపల పడిపోవాలి. చిటికెనవేలు పట్టే గుండ్రటి కన్నం చేసి, ఇంకా ఒక మనిషి గొంతు దాటి నది దాకా పోయే సత్తువ దానికి ఉండదు. ఆవిణ్ణి చంపింది నున్నటి ముక్కుది. నేను మర్యాదస్తుడు అన్నదే.

ఇంకో సంగతి కిందటిసారి రాయలేదు. మా డైరెక్టరు మీద కోపంలో పడి వదిలేశాను. జనం మధ్య కాపలా కాసేవాళ్ళకి గుంట ముక్కువి ఎందుకిస్తారో తెలుసా? తగిలినవాడిలోనే ఆగిపోయి, వాడి వెనకున్నవాడికి తగలకుండా ఉండడానికే.

ఇప్పుడు పని సులువు. గార్డుకి తూటాలు ఇచ్చేటప్పుడు ప్యాకెట్టు ఇస్తారు. రివాల్వరులో పెట్టుకోగా మిగిలినవి అందులో ఉంటాయి. చంటిగాడి ప్యాకెట్టు ఎక్కడుందో కనుక్కో. అందులో ఉన్నవి గుంట ముక్కువైతే నీ కొడుకు ఆవిణ్ణి చంపలేదు. వాడు ఎన్నిసార్లు చంపానన్నా చంపలేదు. దాన్ని ముట్టుకోకు, లాయర్ని వెంటపెట్టుకుని ఇద్దరు సాక్షుల ముందు తీయించు.

వాణ్ణి ముద్ద తినమను.

మీ అన్నయ్య

జులై 3

అన్నయ్యకి,

అది నీ గురించి కాదు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే వాడి ట్రంకు తెరిచాను. చొక్కాల కింద అట్ట ప్యాకెట్టు ఉంది. గోదాము లాకర్లో పెడితే పోతాయని ఇంటికి తెచ్చుకునేవాడు, నాకు తెలుసు. దాని మీద సూపర్‌వైజరు చేత్తో వాడి బెల్టు నంబరు రాసి ఉంది. విప్పి చూశాను. ఒక్కోదాని ముక్కు మీదా వేలు పెట్టి తడిమాను. అన్నిటికీ గుంటలే.

మనిషి చేసినవాటిలో అంత క్రూరమైనది లేదని నువ్వు రాశావు. దేశాలన్నీ కూడబలుక్కుని వద్దన్నది నా కొడుకు ట్రంకులో ఉంది. పోలీసులు సోదాకి వస్తారని పక్కింటావిడ అంది. ఇవి వాళ్ళకి దొరికితే నా బిడ్డని ఉరి తీస్తారనుకున్నాను. క్యారేజీ గిన్నెలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, వాడికి అన్నం తీసుకెళ్తున్నదానిలా బస్సెక్కాను. వంతెన మధ్యలో దిగి గిన్నెతో సహా నదిలోకి విసిరేశాను. తేలికపడ్డట్టయింది. ఆ రోజు తిన్నాను కూడా.

నీ రెండో ఉత్తరం కూర్చునే చదివాను. లేవలేకపోతున్నాను.

ఏం చెయ్యమంటావు?

జులై 9

చెల్లికి,

ఈ జవాబు మూడోసారి రాస్తున్నాను. మొదటి రెండూ నీకు పంపదగినవి కావు.

నిన్ను తిట్టాలంటే నాకు మాటలకి కరువు లేదు. కానీ రాక్షసి అన్నది ఎవరు? ఒప్పందాలూ, సైనికులూ అంటూ గొప్పలు పోయింది ఎవరు? పీపా చూసి రా, ట్రంకు ముట్టుకోకు అని రెండు ముక్కలు రాస్తే సరిపోయేది. జన్మంతా నా రిపోర్టుల్లో ఒక్క విశేషణం వాడనివాణ్ణి, నీకు రాసేటప్పుడు మాత్రం కవినయ్యాను.

ఆ నది లోతు, ప్రవాహం నాకు తెలుసు. వెతికించడం దండగ. పెద్ద గార్డు ప్యాకెట్టు కూడా లాకర్లో ఇన్నాళ్ళు మిగిలి ఉండదు. జరిగింది లాయరుకి ఒక్కడికే చెప్పు. నేను వచ్చి సాక్ష్యం ఇస్తాను. నీళ్ళు ఏం చేస్తాయో కోర్టుకి చెబుతాను. అక్కడినుంచి వాళ్ళ బుద్ధి.

మోకాళ్ళు సహకరించడం లేదు. కింది బెర్తు దొరికే రోజుకి టిక్కెట్టు తీసుకుంటాను.

మీ అన్నయ్య

అక్టోబరు 2

అన్నయ్యకి,

క్షేమంగా చేరావనుకుంటాను. స్టేషన్లో నీకేదో చెప్పాలనుకుని, నీ సంచీ బరువు గురించి మాట్లాడి వచ్చేశాను.

బోనులో నువ్వు బాగా చెప్పావు. అవతలి ప్లీడరు "అయితే ఏ రివాల్వరులో ఏ తూటాలున్నాయో చెప్పగలరా" అని అడిగినప్పుడు, "చెప్పలేను, మీ సూపర్‌వైజరుగారు వాటికి సహపంక్తి భోజనం పెట్టించారు" అన్నావు చూడు, జడ్జిగారు కూడా నవ్వారు. ఆ నవ్వుతోనే కేసు పోయిందని లాయరన్నాడు. నన్ను బోనెక్కనివ్వలేదు. "సాక్ష్యం నదిలో పారేశానని తల్లి చెబితే ఎవరూ నమ్మరు, నమ్మితే మీ మీద ఇంకో కేసు" అన్నాడు.

ఇంకో సంగతి. నువ్వు బండెక్కిన మర్నాడు జైలుకి వెళ్ళాను. ఇన్ని నెలలకి మొదటిసారి వాడు నా మొహం చూశాడన్నయ్యా. జాలీకి వేళ్ళు దూర్చి, "అమ్మా, మామయ్య చెప్పింది విన్నావా? నున్నటివే పీపా దాటి పోతాయట. నావి గుంటవి. నేను రోజూ దించేవాణ్ణి, ఎక్కించేవాణ్ణి, నాకు తెలీదా? నేను కాదమ్మా!" అన్నాడు. నేను ఏమీ అనేలోపే, "నా ట్రంకులో ప్యాకెట్టు ఉంది. నా నంబరు రాసి ఉంటుంది. లాయరుకి ఇవ్వు" అన్నాడు. చిన్నప్పుడు పరుగుపందెంలో గెలిచి వచ్చినప్పటి మొహం.

"అలాగే నాన్నా" అని వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళాలి. ఏం చెప్పను?

నీ చెల్లి

అక్టోబరు 8

చెల్లికి,

ట్రంకులో ఏమీ లేదని చెప్పు. పోలీసులు సోదాకి వచ్చి తీసుకెళ్ళి ఉంటారనీ, అడిగితే తమకేమీ తెలీదంటున్నారనీ చెప్పు. వాళ్ళు పోగొట్టిన సరుకు నేనెంత చూశానో లెక్కలేదు. ఒకసారి ఏకంగా తుపాకీనే పోగొట్టి, నా బీరువా వెతికారు. ఇదొక్కటి ఎక్కువైతే వాళ్ళేమీ చిక్కిపోరు.

అబద్ధం చెప్పమని నేను ఎవరికీ సలహా ఇవ్వలేదు. దాని మూలంగానే నాకు ప్రమోషను లేదు, స్నేహితులు లేరు, నీ ఇంటి గుమ్మం కూడా లేకుండా పోయింది. ఈ ఒక్కసారికి చెప్పు. శిక్ష ఎలాగూ తప్పేలా లేదు. లోపల ఉన్నన్నాళ్ళూ వాడికి వారానికోసారి కనిపించే మొహం నీదొక్కటే. ఆ మొహాన్ని వాడికి ఉంచు.

మీ అన్నయ్య

నవంబరు 14

అన్నయ్యకి,

శిక్ష పడింది. పేపర్లో చూసే ఉంటావు. అప్పీలు చేద్దామంటున్నాడు లాయరు, చెయ్యమన్నాను. పెద్ద గార్డు కోర్టు మెట్ల మీద నన్ను చూసి తల దించుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆకాశంలోకి కాల్చానని తానన్నది నిజమనే అనుకుంటున్నాడేమో. అడగలేదు.

నువ్వు చెప్పిన అబద్ధం మంచిదే. దారంతా దాన్నే వల్లించుకుంటూ వెళ్ళాను. కానీ జాలీ దగ్గర కూర్చున్నాక ఒకటి తట్టింది. ట్రంకులో ఏమీ లేదంటే వాడు పోలీసుల్ని తిట్టి ఊరుకోడు. ఆ తరవాత ఏదో ఒకరోజు, అసలు నావి గుంటవేనా, సరిగ్గా చూశానా అనుకుంటాడు. మళ్ళీ ఆ పోయినావిడ వచ్చి వాడి కళ్ళ ముందు కూర్చుంటుంది. ఆ గుంటలు వాడు తప్ప చూసిన మనిషిని నేనొక్కదాన్నే. చూశానని చెప్పాలంటే పారేశాననీ చెప్పాలి.

చెప్పాను. ప్యాకెట్టు మీద నంబరు చెప్పాను, ఒక్కోదాన్నీ తడిమి చూశానని చెప్పాను, వంతెన సంగతి చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. "నువ్వు కాదురా. నువ్వు ఆవిణ్ణి చంపలేదు. నాకు కచ్చితంగా తెలుసు" అన్నాను.

"అన్నిటికీ గుంటలేనా?" అన్నాడు. అన్నిటికీ అన్నాను. అప్పుడు తల గోడకి ఆనించి ఏడ్చాడు. ఆవిడ పోయినప్పటినుంచీ ఏడవలేదట. తుడుచుకుని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నా వైపు చూడలేదు.

ఆ తరవాత రెండుసార్లు వెళ్ళాను. రానన్నాడట. తీసుకెళ్ళిన అన్నం డబ్బా అలాగే తిప్పి పంపాడు. వార్డరు మంచివాడు. "కోపం తగ్గాక వస్తాడులెండమ్మా" అంటాడు. తగ్గుతుందని నేననుకోవడం లేదు, తగ్గాలని అడిగే మొహం కూడా నాకు లేదు. నేను అతన్ని వేరే సంగతి అడుగుతాను. పడుకోగానే నిద్రపోతున్నాడనీ, తెల్లారి ఖైదీల లెక్కకి లేపాల్సి వస్తోందనీ చెబుతాడు.

ఆ మాట వినడానికే వారం వారం వెళ్తున్నాను.

నీ చెల్లి